ఎప్పుడు వెళ్లినా అవే బొమ్మలా? మన ఊళ్ల ఆర్ట్ మ్యూజియంలలో ప్రదర్శనలు మార్చడం గురించి

గోదారి_గట్టు · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

దసరా సెలవుల్లో మా అమ్మాయిని పక్క జిల్లాలో ఒక మ్యూజియంకి తీసుకెళ్లాను. పేరు చెప్పను. దానికి తొమ్మిదేళ్లు, రెండేళ్ల కిందట ఒకసారి వెళ్లాం. మెట్లెక్కుతూనే "ఇవన్నీ చూసేశాం కదమ్మా" అంది. లోపలికెళ్లి చూస్తే నిజమే, ఒక్క బొమ్మ కూడా చోటు మారలేదు. నేను డిగ్రీ చదివేటప్పుడు చూసిన వరసే ఇప్పటికీ ఉంది. కిటికీ పక్కన ఒక వాటర్ కలర్ ఉండేది, ఏటి ఒడ్డున పడవ, పైన నీలం ఆకాశం. ఆ నీలం నాకు బాగా గుర్తు, ఎందుకంటే అప్పట్లో ఆ బొమ్మని చూసి నోట్‌బుక్‌లో దించుకున్నాను, ఆ నోట్‌బుక్ ఇంకా నా దగ్గరే ఉంది, అందులో ఆకాశం నీలంగానే ఉంది. గోడ మీద అసలు బొమ్మలో మాత్రం పాలు ఎక్కువైన టీ రంగులోకి వచ్చేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మాది రాజమండ్రి. దామెర్ల రామారావు పుట్టిన ఊరు, ఆయన పేరు మీద గ్యాలరీ ఉన్న ఊరు. 1897లో పుట్టి 1925లో, ఇరవై ఎనిమిది కూడా నిండకుండా మశూచితో పోయిన మనిషి గీసినవి వందేళ్ల తర్వాత కూడా మనం చూడగలుగుతున్నామంటే అది ఎంత అదృష్టమో. అలాంటి కాగితం బొమ్మలు ఉన్న చోట్ల ఏడాదంతా ఒకే వరస ఉంచకుండా మారుస్తూ ఉండాలంటే ఏం కావాలి? డబ్బా, మనుషులా, రూల్సా? తెలిసినవాళ్లు చెప్పండి. నేను స్కూల్లో లెక్కలు చెబుతాను, ఈ విషయం నాకు బొత్తిగా తెలియదు.

కాకినాడ_కాజా · ఆదివారం రాత్రి 10:02

మా పిల్లలూ ఇదే మాట అన్నారండీ. ఒకసారి వెళ్తే చాలు అనుకుంటారు. సినిమా హాల్లో శుక్రవారం శుక్రవారం బొమ్మ మారుతుంది కాబట్టే కదా మళ్లీ వెళ్తాం.

చార్మినార్_చౌరస్తా · ఆదివారం రాత్రి 10:31

అక్కా, నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమనుకోవద్దు.

సాలార్‌జంగ్ మ్యూజియం 1951 డిసెంబర్ 16న దివాన్ దేవిడిలో నెహ్రూ ప్రారంభించారు, 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి వచ్చింది. మా తాత మా నాన్నని తీసుకెళ్లాడు, నాన్న నన్ను తీసుకెళ్లాడు, అందరం చూసింది అదే మేలిముసుగు రెబెక్కా. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నది, బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కింది. పాలరాయిలోనే ముసుగు, దాని వెనక మొహం. మా నాయనమ్మకి డెబ్భై దాటినంక నిజామాబాద్ నుంచి తీసుకొచ్చిన. "మీ తాత చెప్పిన పిల్ల ఇదేనా" అని చాలాసేపు దాని ముందర నిల్చుంది. తర్వాత గడియారం దగ్గర కూర్చొని, గంట కొట్టే బొమ్మ బయటికి వచ్చేదాకా కదల్లేదు. ఆ రోజు రెబెక్కాని తీసి లోపల పెట్టి "ఈ మూడు నెలలు వేరే ప్రదర్శన" అని బోర్డు పెట్టి ఉంటే నేను నాయనమ్మకి ఏం చెప్పేవాణ్ణి? ఊళ్ల నుంచి వచ్చేటోళ్లు జీవితంలో ఒక్కసారి వస్తారు. వాళ్లకి కొత్తది అక్కర్లేదు, విన్నది కావాలె.

మేకు_సుత్తి · ఆదివారం రాత్రి 11:15

చార్మినార్ అన్నా, మీరు చెప్పింది కరెక్టే, అక్క చెప్పిందీ కరెక్టే. రెబెక్కా రాయి. రాయికి వెలుతురు తగిలితే ఏం కాదు. కంచు విగ్రహానికీ అంతే. కాగితం, బట్ట, వాటర్ కలర్ అలా కాదు. మార్చాల్సింది వాటిని.

నేను హైదరాబాద్‌లో 22 ఏళ్లుగా ఎగ్జిబిషన్లు కడతాను. కట్టడం అంటే గోడకి మేకులు కొట్టి తగిలించడం అనుకుంటారు చాలామంది. ఒక చిన్న మార్పు, 30 బొమ్మలు దించి వేరే 30 ఎక్కించడం, ఎలా జరుగుతుందో చెప్తాను.

ముందు దించబోయే ప్రతి బొమ్మకీ కండిషన్ రిపోర్టు రాయాలి. మూల నలిగిందా, రంగు పెచ్చులూడుతోందా, మరక ఉందా, పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఫోటో తీసి. పెన్ను ఆ గదిలోకే రానివ్వరు, ఇంకు చుక్క పడితే పోయినట్టే. దించాక బొమ్మని అడ్డంగా, రెండు చేతులతో, ట్రేలో పెట్టి మోస్తారు. ఫ్రేమ్ పై అంచు పట్టుకుని ఎత్తినవాణ్ణి మా మేస్త్రీ ఆ రోజంతా పని ముట్టనిచ్చేవాడు కాదు. వేరే ఊరి నుంచి వచ్చిన పెట్టెలైతే వెంటనే విప్పకూడదు, గదిలో 24 గంటలు అలాగే ఉంచాలి. బయటి వేడికీ లోపలి చల్లదనానికీ ఉన్న తేడా కాగితానికి ఒక్కసారిగా తగిలితే అలలు తేలుతుంది. తర్వాత అన్ని బొమ్మల మధ్య గీత ఒకే ఎత్తులో వచ్చేలా దారం కట్టుకుంటాం. చూసే మనిషి కంటికి దగ్గర్లో, నేల నుంచి దాదాపు ఐదడుగులు. పిల్లలు ఎక్కువగా వచ్చే చోటైతే ఇంకా దించాలని నేను ఎప్పుడూ అడుగుతాను, ఎవరూ వినరు.

ఈ మొత్తానికి నలుగురు మనుషులు, వారం పది రోజులు చాలు. డబ్బు లేక ఆగిపోయిన చోట్లు నేను చూశాను, కానీ చేసే మనిషి లేక ఆగిపోయినవే ఎక్కువ చూశాను. ఉన్న ఒక్క ఉద్యోగి రిటైర్ అవుతాడు, తాళాలు ఇంకెవరికో అప్పగిస్తారు, స్టోర్‌లో ఏముందో ఆ కొత్త మనిషికి తెలియదు, తెలియని వస్తువు ముట్టుకోవాలంటే టెన్షన్. అంతే, ఏళ్లు గడిచిపోతాయి.

పెడన_మగ్గం · సోమవారం ఉదయం 6:20

అక్క చెప్పిన ఆకాశం గురించి రాత్రంతా ఆలోచించాను. బట్టల్లోనూ ఇదే జరుగుతుందండీ. మా ఇంట్లో తాతల నాటి అద్దకం పని. పాత కలంకారీ గుడ్డల్లో ఆకులు నీలంగా ఉంటాయి, గమనించారా? ఆ కాలంలో నీలం ఆకులు వేయాలని ఎవరికీ ముచ్చట లేదు. ముందు నీలిమందు, దాని మీద పసుపు రంగు, రెండూ కలిస్తే ఆకుపచ్చ. ఆ పసుపు వెలుతురికి ఆగదు, ముందు అదే పోతుంది. కింద నీలం మిగులుతుంది. చిరువేరు ఎరుపు చాలా గట్టిది, నీలిమందూ గట్టిదే. అందుకని పాత గుడ్డ చూసి "మనవాళ్లు రెండే రంగులు వాడేవారు" అనుకుంటే పొరపాటు. మ్యూజియంలో అద్దాల వెనక పదేళ్లు వేలాడిన గుడ్డ మనకి చూపించేది సగమే, మిగతా సగం వెలుతురు తినేసింది.

పెట్టెలో మడతపెట్టి దాచినా ఇబ్బందే, మడత దగ్గర చిరుగుతుంది. గొట్టానికి చుట్టి, మధ్యలో పల్చటి తెల్ల కాగితం పెట్టాలి.

కాకినాడ_కాజా · సోమవారం ఉదయం 8:05

అయితే ఒక మూడు నెలలు చీకట్లో విశ్రాంతి ఇస్తే రంగులు మళ్లీ తేరుకుంటాయా అండీ? మొక్కల్లాగా?

లక్స్_లత · సోమవారం ఉదయం 11:48

తేరుకోవండీ. ఇది చాలామంది అనుకునే విషయమే కాబట్టి వివరంగా చెప్తాను. నేను పాత కాగితాలు, బొమ్మలు కాపాడే పనిలో ఉన్నాను.

పోయిన రంగు తిరిగి రాదు. విశ్రాంతి అంటే మందు కాదు, ఖర్చు ఆపడం. ప్రతి బొమ్మకీ పుట్టినప్పుడే కొంత వెలుతురు ఓర్చుకునే శక్తి ఉంటుంది, మనం దాన్ని ఎన్నేళ్లకి పంచి వాడుకుంటామన్నదే లెక్క. టీచర్ గారు లెక్కలు చెబుతారు కాబట్టి లెక్కలోనే చెప్తాను. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు. వాటర్ కలర్, పెన్సిల్ స్కెచ్, బట్ట, వీటికి 50 లక్స్ దాటకూడదన్నది అందరూ పాటించే మాట. తైలవర్ణాలకి 200 దాకా పర్వాలేదు. కిటికీ పక్కన పగలు వెయ్యి లక్స్ దాటడం మామూలే. 50 లక్స్ గదిలో ఎనిమిది గంటలు ఉంటే 400 లక్స్ గంటలు. కిటికీ పక్కన అవే ఎనిమిది గంటలు 8,000. అంటే కిటికీ పక్కన ఒక్క రోజు వేలాడిన బొమ్మ మసక గదిలో 20 రోజులు వేలాడినట్టు. మూడు నెలలు చూపించి తర్వాత రెండు మూడేళ్లు లోపల ఉంచడం అనే పద్ధతి ఈ లెక్క నుంచే వచ్చింది.

టీచర్ గారి నోట్‌బుక్‌లో నీలం ఎందుకు మిగిలిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది మూసి ఉంది.

ఇంకొకటి, మేకు సుత్తి గారు చెప్పనిది. మార్చడంలోనూ ప్రమాదం ఉంది. ముట్టుకున్న ప్రతిసారీ ఏదో ఒక చిన్న దెబ్బ తగిలే అవకాశం. కాబట్టి నెలకోసారి మార్చేయాలని కూడా అనకూడదు. మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో తేమ సంగతి వేరే చెప్పక్కర్లేదు, వానాకాలంలో బూజు, పుస్తకాల్లో పాకే వెండిరంగు పురుగులు. స్టోర్ రూమ్ బాగా లేకపోతే గోడ మీద ఉన్నదే నయం, అక్కడైతే కనీసం ఎవరో ఒకరు రోజూ చూస్తుంటారు. ముందు స్టోర్, తర్వాత మార్పు.

గోదారి_గట్టు · సోమవారం మధ్యాహ్నం 1:10

లత గారూ, చాలా థాంక్సండీ. "ఖర్చు ఆపడం" అన్న మాట నాకు సరిగ్గా ఎక్కింది. రేపు తొమ్మిదో తరగతికి ఈ లెక్కే ఇస్తాను.

సిద్దిపేట_సుద్ద · సోమవారం సాయంత్రం 6:37

నేను డ్రాయింగ్ మాస్టరుని, మాది సిద్దిపేట వైపు. మా పక్కనే చేర్యాల. నకాశీ పటం గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను రాస్తున్న.

ఖాదీ గుడ్డకి చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూతలు పూసి, ఆరినంక గీస్తారు. పొడుగాటి పటం. కథ చెప్పే ఆయన ఊర్లోకి వస్తడు, దాన్ని వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మ చూపిస్తూ, కథ నడిచినకొద్దీ విప్పుకుంటూ పోతడు. అయిపోయిన భాగం చుట్టుకుపోతది. తెల్లారేసరికి పటం మళ్లీ మూట. అంటే ఏ బొమ్మ మీదా రాత్రి దీపం వెలుగు కొంచెంసేపు తప్ప పడదు. అందుకే పాత పటాల్లో బొమ్మల వెనక ఆ ఎర్ర రంగు ఇంకా అట్ల మండుతుంటది. మరీ పాతబడితే నదిలో కలిపేవారు, కొత్తది గీయించుకునేవారు. మార్చి మార్చి చూపించడం అన్నది మన తాతలకి తెలిసిన పనే. పటాన్ని తీసుకొచ్చి గోడకి నిలువునా మేకులు కొట్టి ఏళ్లకేళ్లు ఉంచింది మనం.

నాకు ఒక ఆశ ఉంది. మ్యూజియంలో పటాన్ని ఫ్రేమ్‌లో కాకుండా చుట్ట మీదనే పెట్టి, నెలకొక బొమ్మ మాత్రం విప్పి చూపించాలి. ఈ నెల ఈ ఘట్టం, వచ్చే నెల తర్వాతది. పిల్లలు "తర్వాత ఏమైంది" అని మళ్లీ వస్తారు. ఏడాదికి ఒకసారి కథ చెప్పేటోళ్లని పిలిచి మొత్తం విప్పించాలి. ఖర్చు ఏముంది ఇందులో?

కాపు రాజయ్య గారు మా సిద్దిపేట మనిషి. ఆయన 1925లో పుట్టారు, దామెర్ల పోయిన ఏడాదే. ఆ ఇద్దరి బొమ్మలు ఒక గదిలో ఎదురెదురుగా పెట్టి, గోదావరి స్నానఘట్టాల పక్కన తెలంగాణ బోనాలు, బతుకమ్మ చూపించాలని నాకు ఎన్నేళ్ల కోరికో. రెండు రాష్ట్రాలైనా సరే, బొమ్మలు మూడు నెలలు అటూ ఇటూ పోయి రావచ్చు కదా.

లక్స్_లత · సోమవారం సాయంత్రం 7:02

మాస్టారూ, చుట్ట మీద నెలకొక బొమ్మ చాలా మంచి ఆలోచన. చుట్టే గొట్టం లావుగా ఉండాలి, సన్నదైతే సుద్ద పూత పగుళ్లిస్తుంది. అదొక్కటి చూసుకుంటే చాలు.

క్లీవ్‌లాండ్_గుంటూరు · మంగళవారం ఉదయం 7:55

అమెరికా నుంచి రాస్తున్నాను. మా ఊళ్లో త్యాగరాజ ఆరాధన 1978 నుంచి జరుగుతోంది, ఈస్టర్ రోజుల్లో మనవాళ్లు దేశం నలుమూలల నుంచీ వస్తారు. కచేరీల మధ్య ఖాళీ దొరికితే నేను వచ్చినవాళ్లని క్లీవ్‌లాండ్ ఆర్ట్ మ్యూజియంకి తీసుకెళ్తాను, మామూలు ప్రవేశం ఉచితం. అక్కడ భారతీయ చిత్రాల గది చిన్నదే, కానీ కొన్ని నెలలకోసారి అందులో బొమ్మలు మారతాయి, వెలుతురు కూడా బాగా తక్కువ, మొదటిసారి వెళ్లినవాళ్లు "లైట్లు పోయాయా" అని అడుగుతారు. మొగలుల నాటి తూతీనామా, అంటే చిలుక చెప్పిన కథల పుస్తకం, అక్కడే ఉంది. విడి కాగితాలుగా ఉండడం వల్ల ఒక్కోసారి ఒక్కో కథ బయటికి వస్తుంది. 2013లో దక్కనీ, మొగల్ చిత్రాల సేకరణ ఒకటి వాళ్లు తీసుకున్నారు, అప్పటి నుంచి దక్కన్ బొమ్మలు కూడా కనిపిస్తున్నాయి.

నేను పద్నాలుగేళ్లుగా ఆ గదికి వెళ్తున్నాను. ఇంకా అన్నీ చూడలేదు. ఆ "ఇంకా చూడలేదు" అన్నదే నన్ను మళ్లీ తీసుకెళ్తుంది. కానీ ప్రతిసారీ బయటికి వస్తూ ఒకటే అనుకుంటాను, గోల్కొండ బొమ్మని చూడ్డానికి నేను ఎరీ సరస్సు ఒడ్డుకి రావాల్సి వచ్చిందా అని.

నకిరేకల్_నీళ్లు · మంగళవారం ఉదయం 10:20

క్లీవ్‌లాండ్ అన్నా, మీ చివరి మాట నన్ను కదిలించింది. మాది సూర్యాపేట దగ్గర. ఫణిగిరి మా ఊరికి బస్సు దూరం. చిన్నప్పుడు గుట్ట ఎక్కి ఆడుకున్నాం, బౌద్ధం అని కూడా తెలియదు. 2023లో న్యూయార్క్‌లో మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్లు తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టారు, జులై నుంచి నవంబర్ దాకా. అందులో మా ఫణిగిరి తోరణం శిల్పం ఉంది. మా తమ్ముడు న్యూజెర్సీలో ఉంటాడు, అక్కడి నుంచి వీడియో కాల్ చేసి చూపించాడు. నల్లటి గదిలో, ఒక్క దీపం వెలుగులో, ప్రతి గీత కనిపించేలా నిలబెట్టారు. చుట్టూ జనం గుసగుసగా మాట్లాడుతున్నారు. మా గుట్ట రాయి అది. తర్వాత ఆ ప్రదర్శన సియోల్‌కి కూడా వెళ్లింది.

ఆ రాయికి వెలుతురు వల్ల నష్టం లేదని పైన చెప్పారు, ఒప్పుకుంటా. కానీ చోటు మార్చి, వెలుతురు మార్చి, పక్కన దాని కథ రాసి పెడితే అదే రాయి వేరేగా కనపడ్డది. నాకే మొదటిసారి చూసినట్టు అనిపించింది. కాబట్టి రాయినైనా అప్పుడప్పుడు జరపాలని నా అభిప్రాయం. పక్కన పెట్టే తోడు మారితే చాలు.

చార్మినార్_చౌరస్తా · మంగళవారం ఉదయం 11:05

ఇది ఒప్పుకుంటున్నా తమ్మీ. రెబెక్కా ఉన్నచోటే ఉండనీ, ఎదురుగా ఉన్న ఒక్క గోడ మారుతూ ఉంటే నాయనమ్మ లాంటోళ్లకీ బాగుంటది, గోదారి అక్క బిడ్డ లాంటోళ్లకీ బాగుంటది.

భీమవరం_బాపు · మంగళవారం మధ్యాహ్నం 3:44

ఒక్క మాట లేబుళ్ల గురించి. మార్చిన ప్రతిసారీ కొత్తగా రాయాల్సింది లేబులే, దాన్ని ఎవరూ పట్టించుకోరు. "స్త్రీ. నీటిరంగులు. 20వ శతాబ్దం." దీనివల్ల ఎవరికి ఏం తెలిసింది? తెలుగులో నాలుగు వాక్యాలు, చదవగలిగే సైజులో, ఒక కథ ఉండాలి.

ఉదాహరణకి నేను ఊహించుకునే ప్రదర్శన ఒకటి చెప్తాను. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో కూల్డ్రే అనే ఇంగ్లీషు ప్రిన్సిపాల్ ఉండేవారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఇద్దరూ ఆయన దగ్గర పెరిగినవాళ్లే. దామెర్ల బొంబాయిలో జేజే ఆర్ట్ స్కూల్‌కి వెళ్లి, మనిషి ఒంటిని ఉన్నదున్నట్టు గీయడం నేర్చుకుని, తిరిగొచ్చి మన గోదావరి ఆడవాళ్లనీ, రేవుల్నీ తనదైన గీతలో గీశారు. బాపిరాజు బందరు జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ చటర్జీ దగ్గర బెంగాల్ పద్ధతి నేర్చుకున్నారు, రంగు మీద రంగు కడిగి కడిగి మంచులాగా తెచ్చే వాష్ పద్ధతి. ఒకే గురువు, రెండు దారులు, మధ్యలో బస్సులో కొన్ని గంటల దూరం. ఒక గదిలో ఇటు పది, అటు పది బొమ్మలు పెట్టి, ఈ కథ నాలుగు వాక్యాల్లో రాస్తే ఇంటర్ పిల్లాడికి కూడా తేడా కంటితో తెలిసిపోతుంది. దామెర్ల భార్య సత్యవాణి గారూ చిత్రకారిణే. ఆవిడ గురించి ఒక గోడ నిండా చెప్పాలి, ఇంకెన్నాళ్లు ఆయన పేరు పక్కన సగం వాక్యంలో సరిపెడతాం?

మేకు_సుత్తి · మంగళవారం రాత్రి 9:30

డబ్బు గురించి అడిగారు కాబట్టి చిన్న కిటుకు. బొమ్మలన్నిటికీ మూడే సైజుల మౌంట్లు, అంటే ఫ్రేములో బొమ్మ చుట్టూ పెట్టే అట్టలు, కోయించండి. అప్పుడు ఫ్రేములు కూడా మూడు సైజులే, ప్రతి మార్పుకీ అవే ఫ్రేములు మళ్లీ వాడుకోవచ్చు. కొత్త ఎగ్జిబిషన్ అనగానే కొత్త ఫ్రేముల బిల్లు పెట్టి, అది మంజూరు కాక మొత్తం ఆగిపోయిన చోట్లు నేను చూశాను. మౌంటు బోర్డు మాత్రం ఆమ్లం లేనిదే కొనండి, అక్కడ పొదుపు చేయొద్దు, చవక అట్ట పదేళ్లలో బొమ్మ చుట్టూ గోధుమరంగు గీత కాలుస్తుంది.

గోదారి_గట్టు · మరుసటి ఆదివారం సాయంత్రం 5:15

అందరికీ దండాలు. నిన్న మళ్లీ ఆ మ్యూజియంకి వెళ్లాను. అక్కడున్న ఆయన మొదట బెదిరిపోయారు, కంప్లైంట్ ఇవ్వడానికి వచ్చానేమో అని. కూర్చోబెట్టి లత గారి లెక్క చెప్పాను, నా నోట్‌బుక్ తీసి ఆ ఆకాశం చూపించాను. ఆయన నోట్‌బుక్‌నీ గోడనీ మార్చి మార్చి చూసి, ఏమీ మాట్లాడకుండా లేచి కిటికీ తలుపు మూశారు. తర్వాత స్టోర్ తాళం తీశారు. ఆయన అక్కడికి వచ్చి నాలుగేళ్లయింది, రెండు బీరువాలు ఇంతవరకూ తెరవలేదట, తప్పు ఏదైనా జరిగితే తన మీదకి వస్తుందని. మొదటి దాంట్లో పైన పెన్సిల్ స్కెచ్‌లు కనిపించాయి, ఎద్దుబండ్లు, చేపల బుట్టలు, నిద్రపోతున్న పిల్లలు. ఏదీ ముట్టుకోలేదు, మళ్లీ మూసేశాం.

పై వాళ్లకి ఆయనే కాగితం పెడతానన్నారు, ఒక్క గోడ, ఏడాదికి మూడుసార్లు అని. దాంట్లో స్టోర్ రూమ్ మరమ్మతు ముందు రాయమని చెప్పాను. లేబుళ్లు తెలుగులో మా స్కూలు పిల్లల చేత రాయిస్తానని మాటిచ్చాను. బాపు గారూ, అవి మీరు ఒకసారి దిద్దాలి. లత గారూ, మీరు ఇటు ఎప్పుడైనా వస్తే ఆ బీరువాలు మీ ముందరే తెరుస్తామన్నారు, వానలు మొదలవక ముందే అయితే మంచిది కదండీ?

లక్స్_లత · మరుసటి ఆదివారం సాయంత్రం 6:01

వచ్చే నెల రెండో శనివారం వస్తాను. ఆలోపు ఆ బీరువాలు గోడకి ఆనుకుని ఉంటే ఒక జానెడు ముందుకి జరిపించండి, కింద ఇటుకలు పెట్టించండి. లోపలివి మాత్రం ఎవరినీ కదపనివ్వకండి.